రూపాయి బిళ్లంత తాబేలు కొనే ముందు

బరంపురం అక్వేరియం షాపుల్లో గాజు తొట్టెలో ఒకదాని మీద ఒకటి ఎక్కుతూ ఆకుపచ్చ తాబేలు పిల్లలు కనిపిస్తుంటాయి, రూపాయి బిళ్ల కంటే కాస్త పెద్దవి. పిల్లలు కావాలని పేచీ పెడతారు, పక్కనున్న ఎవరో ఒకరు "ఇంట్లో తాబేలు ఉంటే లక్ష్మి నిలుస్తుంది" అంటారు, అంతే, ప్లాస్టిక్ డబ్బాతో సహా ఇంటికి వచ్చేస్తుంది. అది ఎంత పెరుగుతుందో, ఎన్నేళ్లు బతుకుతుందో షాపువాడు చెప్పడు, మనమూ అడగం. సరిగ్గా చూసుకుంటే 20 నుంచి 40 ఏళ్లు బతుకుతుంది. ఆడదైతే డిప్ప పొడవే 25 నుంచి 30 సెంటీమీటర్లు అవుతుంది. అంటే ఇప్పుడు ఆరో తరగతి చదువుతున్న మీ అబ్బాయి రేపు తన పిల్లల్ని స్కూల్లో చేర్పించే నాటికి కూడా అది మీ పెరట్లోనే ఉంటుంది.

భయపెట్టడానికి చెప్పడం లేదు. తాబేలు అరవదు, బొచ్చు రాల్చదు, పెద్దదయ్యాక రోజూ తిండి పెట్టక్కర్లేదు, మన గంజాం జిల్లా ఎండలు దానికి బాగానే పడతాయి. కాకపోతే దాని ఆయుష్షుకి తగ్గ ఏర్పాటు మొదటే చేసుకోవాలి. పెరిగాక చూద్దాంలే అనుకుంటే కుదరదు, ఎందుకంటే అది పెరగడం రోజూ చూసే మన కళ్లకి ఆనదు.

ముందు ఏ తాబేలు అన్నది తేలాలి. మన దేశపు తాబేలు ఏదైనా సరే ఇంట్లో పెంచుకోవడానికి కాదు. శ్రీకూర్మం వెళ్లొచ్చినవాళ్లు గుడి ఆవరణలో నక్షత్ర తాబేళ్లని చూసే ఉంటారు, డిప్ప మీద పసుపు చారలు నక్షత్రాల్లా ఉంటాయి. గుడిలో ఉన్నాయి కదా, ఇంట్లో ఒకటి ఉంటే తప్పేంటి అని చాలామంది అడుగుతారు. తప్పే. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 2022లో సవరణ చేసినప్పుడు నక్షత్ర తాబేలుని అత్యంత కఠినమైన రక్షణ ఉండే మొదటి షెడ్యూల్లో పెట్టారు, పట్టుబడితే 3 నుంచి 7 ఏళ్ల దాకా జైలు. అంతర్జాతీయంగా కూడా 2019 నుంచి దాని వ్యాపారం మీద పూర్తి నిషేధం ఉంది. చెరువుల్లో, వరి మళ్లలో దొరికే మెత్త డిప్ప తాబేలూ మొదటి షెడ్యూల్లోదే. నీళ్లు శుభ్రంగా ఉంటాయని పాతకాలంలో బావుల్లో వేసేవాళ్లే, ఇప్పుడు ఆ పని చేస్తే నేరం. వానాకాలంలో రోడ్డు దాటుతూ కనిపిస్తే అది ఏ వైపు వెళ్తోందో ఆ వైపే దాటించి వదిలేయండి, సంచిలో వేసుకుని ఇంటికి తేవద్దు. లక్ష్మి కోసమే అయితే ఇత్తడి తాబేలు కొనుక్కోండి, దాని పళ్లెంలో నీళ్లు మార్చడం మర్చిపోయినా ఏం కాదు.

రుషికుల్య నది సముద్రంలో కలిసే చోటి సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. ఫిబ్రవరి, మార్చి నెలల్లో పొడంపేట, గోఖర్‌కుడా, పురుణాబంధ తీరాల్లో ఆలివ్ రిడ్లీ అనే సముద్రపు తాబేళ్లు గుంపులుగా వచ్చి గుడ్లు పెడతాయి, ఓ నెలన్నర, యాభై రోజులకి పిల్లలు బయటికొస్తాయి. ఆ రోజుల్లో బీచికి వెళ్లి ఒక పిల్లని సీసాలో వేసుకొచ్చేవాళ్లు ఉన్నారు. అది సముద్రపు తాబేలు, మన తొట్టెలో బతకదు, పైగా అదీ మొదటి షెడ్యూలే. చూడాలంటే అటవీ శాఖవాళ్లు చెప్పిన చోట నిలబడి, టార్చి, ఫోన్ ఫ్లాష్ ఆపేసి చూడండి. పిల్లలు సముద్రం మీది వెలుతురు పట్టుకుని నడుస్తాయి, మన లైటు పడితే దారి తప్పి ఊరివైపు పాకుతాయి.

కాబట్టి మిగిలింది విదేశీ జాతులు. షాపుల్లో ఎక్కువగా దొరికేది రెడ్ ఇయర్డ్ స్లైడర్, అమెరికాలోని మిసిసిపి నదీ ప్రాంతానిది. కంటి వెనక నుంచి మెడ వైపు ఎర్రటి గీత పొడుగ్గా సాగుతుంది, అదే గుర్తు. ఇక్కడ ఒక జాగ్రత్త ఉంది. మహానదిలో ఉండే మన కప్పు డిప్ప తాబేలుకీ కంటి వెనక నారింజ రంగు మచ్చ ఉంటుంది, అయితే అది గీత కాదు, నెలవంకలా వంపు తిరిగి ఉంటుంది, వీపు మధ్యలో ఇంటి కప్పుకి దూలంలా గట్టు లేచి కనిపిస్తుంది. అలాంటిది ఎంత చవగ్గా ఇస్తానన్నా తీసుకోవద్దు. బిల్లు అడగండి. బిల్లు ఇవ్వనివాడి దగ్గర చేపలు కొనుక్కోండి, తాబేలు వద్దు.

నేల మీద తిరిగే తాబేలే కావాలంటే ఆఫ్రికా నుంచి వచ్చిన సల్కాటా అమ్ముతారు. ముద్దుగానే ఉంటుంది గానీ, అది 40 కిలోలు దాటే జంతువు, మనిషితో సమానంగా బతుకుతుంది, మట్టిలో బొరియలు తవ్వి గోడ పునాది కిందికి పోతుంది. 2024లో వచ్చిన నిబంధనల ప్రకారం చట్టంలోని నాలుగో షెడ్యూల్లో ఉన్న విదేశీ జంతువులని కేంద్ర పర్యావరణ శాఖ వెబ్‌సైటు పరివేష్ పోర్టల్లో నమోదు చేయించాలి, సల్కాటా ఆ జాబితాలోదే. పొడి ఎడారి అంచున పుట్టిన ఆ ప్రాణి మన జూలై, ఆగస్టు తేమలో న్యుమోనియా తెచ్చుకుంటుంది. పర్లాకిమిడి వైపు పెద్ద పెరడు, పొడిగా ఉండే గది, బోలెడు గడ్డి ఉన్నవాళ్లు ఆలోచించొచ్చు. బరంపురం గాంధీనగర్‌లో రెండు గదుల వాటాలో ఉండి సల్కాటా కొంటానంటే మాత్రం నేను వద్దనే అంటాను. ఇక్కడి నుంచి స్లైడర్ గురించే.

షాపువాడిచ్చే తాటి చెట్టు బొమ్మ ఉన్న ప్లాస్టిక్ డబ్బాని బియ్యం కొలుచుకోవడానికి వాడుకోండి. డిప్ప పొడవు ప్రతి అంగుళానికి దాదాపు 40 లీటర్ల నీళ్లు అన్నది లెక్క. చిన్న పిల్లకి మొదట్లో 80, 100 లీటర్ల టబ్బు చాలు, పెద్ద ఆడ తాబేలుకి 400 లీటర్ల దాకా వెళ్లాలి. గాజు అక్వేరియం కొంటే డబ్బు దండగ, ఏడాదిలోపే చాలదు. పెరట్లోనో డాబా మీదో సిమెంటు తొట్టె కట్టించుకుంటే మేలు, అడుగున ఒక మూల వాలు పెట్టి నీళ్లు పోయే పైపు, దానికి మూత బిగిస్తే చాలు, రోజువారీ చాకిరీ సగం తగ్గుతుంది. నీటి లోతు కనీసం డిప్ప పొడవుకి ఒకటిన్నర రెట్లు ఉండాలి, నీటి మట్టం పైన ఇంకో అడుగు గోడ ఉండాలి, ఎందుకంటే ఇవి గోడ మూలల్లో కాళ్లు తన్ని పైకెక్కుతాయి. అడుగున చిన్న గులకరాళ్లు వేయకండి, మింగేసి పేగుల్లో ఇరుక్కుంటాయి. నీటిలోంచి బయటికొచ్చి ఒళ్లు ఆరబెట్టుకోవడానికి గరుకుగా ఉండే ఎర్ర రాయి గానీ, ఇటుకలు పేర్చిన మెట్టు గానీ ఉండాలి, పూర్తిగా ఒళ్లంతా పొడిబారేంత వెడల్పుగా.

ఇప్పుడు ఎండ. మన ఇళ్లలో తాబేళ్లు ఎక్కువగా చచ్చిపోయేది ఇది లేకే. హాల్లో టీవీ పక్కన తొట్టె పెడతారు, ట్యూబ్‌లైటు వేస్తారు, తిండి బాగానే పెడతారు, అయినా ఏడాదికల్లా డిప్ప వేలితో నొక్కితే మెత్తగా దిగుతుంది. ఎముక కట్టుకోవడానికి కాల్షియం కావాలి, ఆ కాల్షియం ఒంటికి పట్టాలంటే డి3 విటమిన్ కావాలి, అది చర్మంలో తయారవ్వాలంటే ఎండలోని యూవీబీ కిరణాలు తగలాలి. కిటికీ అద్దంలోంచి వచ్చే ఎండ పనికిరాదు, అద్దం ఆ కిరణాలని ఆపేస్తుంది. పొద్దున ఎనిమిది, తొమ్మిది గంటలప్పుడు నేరుగా ఎండలో, అరగంట నుంచి గంట, వీలైతే రోజూ. టబ్బులో సగం మీద గోనెపట్టా కప్పి నీడ ఉంచండి, అది తనకి కావలసినప్పుడు నీడలోకి పోతుంది. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం డాబా మీద చిన్న టబ్బులో వదిలేస్తే నీళ్లు కాగిపోయి గంటలోనే ప్రాణం పోవచ్చు, కాబట్టి ఎండాకాలం మాత్రం తొట్టె పైన పక్కా పందిరి ఉండాలి. నీళ్లు 24 నుంచి 28 డిగ్రీలు, మెట్టు మీద 32 నుంచి 35 డిగ్రీలు ఉంటే బాగుంటుంది. ఎండ రాని ఫ్లాటు అయితే సరీసృపాల కోసం అమ్మే యూవీబీ దీపం కొనక తప్పదు, అది వెలుగుతున్నా ఆరు నెలల నుంచి ఏడాదిలోపు ఆ కిరణాలు తగ్గిపోతాయి, మార్చాలి. ఎండలో పెట్టినప్పుడు పైన ఇనుప జాలీ వేయడం మర్చిపోవద్దు. కాకులు చిన్న తాబేలు కాళ్లు, తోక పొడిచి లాగేస్తాయి, పిల్లి కంటే వాటితోనే ప్రమాదం.

డిసెంబరు, జనవరి రాత్రుల్లో తొట్టె నీళ్లు చల్లబడితే తాబేలు మందకొడిగా అయిపోయి తిండి మానేస్తుంది. పిల్లలైతే లోపలికి తెచ్చి నీటిలో చిన్న హీటర్ పెట్టాలి, దానికి గార్డు ఉండాలి, లేకపోతే పొట్ట కాల్చుకుంటుంది. రాయగడ, కొరాపుట్ వైపు వాళ్లకి ఇది ఇంకా ముఖ్యం.

నీళ్ల విషయానికొస్తే, తాబేలు తిన్నచోటే విసర్జిస్తుంది, అది కూడా చేపకంటే చాలా ఎక్కువ. ఎంత ఖరీదైన ఫిల్టర్ పెట్టినా వారానికోసారి మూడో వంతు నుంచి సగం నీళ్లు మార్చాల్సిందే, ఫిల్టర్ లేకపోతే రెండు, మూడు రోజులకే. కుళాయి నీళ్లు పట్టి ఒక రోజు మూత లేకుండా వదిలేసి తర్వాత వాడండి. వేసవిలో కుళాయి ఎప్పుడొస్తుందో తెలియని వీధుల్లో ఇంత నీళ్లు ఎక్కడ తెచ్చేది అంటారు, నిజమే, అందుకే ఒక చిట్కా ఉంది: తిండి పెట్టేటప్పుడు తాబేలుని వేరే బకెట్లో వేసి, తినడం అయిపోయాక ఇంకో పదిహేను, ఇరవై నిమిషాలు అందులోనే ఉంచి, అప్పుడు తొట్టెలోకి మార్చండి. తిండి తునకలూ, మలం చాలావరకు ఆ బకెట్లోనే పడతాయి, తొట్టె నీళ్లు రెట్టింపు రోజులు నిలుస్తాయి. ఆ బకెట్ నీళ్లు మొక్కలకి మంచి ఎరువు.

తిండిలో జనం చేసేది ఒకటే, ఎండు రొయ్యల డబ్బా కొని నెలల తరబడి అదే వేస్తారు. అందులో పోషకాలు చాలవు, ఎ విటమిన్ తక్కువై కళ్లు వాచి మూసుకుపోతాయి, కళ్లు కనపడక తిండి మానేస్తుంది. మంచి తాబేలు పెల్లెట్లు ముఖ్యంగా పెట్టి, పక్కన తోటపనిలో దొరికేవి చేర్చండి: మునగాకు, అజోల్లా అనే నీటి మొక్క, మందారం ఆకు, పువ్వు, తురిమిన గుమ్మడి, క్యారెట్. పాలకూర రోజూ వద్దు, అందులోని ఆక్సలేట్ కాల్షియాన్ని ఒంటికి పట్టనివ్వదు. పిల్లగా ఉన్నప్పుడు రోజూ పెట్టాలి, వానపాము, చిన్న చేప లాంటి మాంసం ఎక్కువ కావాలి, పెద్దయ్యేకొద్దీ ఆకుల వాటా పెరగాలి, రెండు రోజులకోసారి పెల్లెట్లు చాలు. ఎంత పెట్టాలంటే, దాని తల ఎంత ఉందో అంత, ఒక పూటకి. అడుక్కుంటున్నట్టు గాజుకి ఆనుకుని కొట్టుకుంటుంది, నమ్మకండి, కడుపు నిండాక కూడా అలాగే చేస్తుంది. ఇది నీటిలోనే మింగగలదు, నేల మీద పెడితే నోట్లోంచి జారిపోతుంది. అన్నం, రొట్టె, మూరీ (మరమరాలు), పాలు, బిస్కెట్ ఏవీ వద్దు. పఖాళ (చద్దన్నం) మన ఒంటికి చలవ, తాబేలుకి కాదు.

కాల్షియం కోసం ఖరీదైన దిమ్మలు కొనక్కర్లేదు. గోపాల్‌పూర్ తీరంలో నడిస్తే ఇసుకలో తెల్లగా, అరచేతి పొడవుండి, రెండు చివర్లా సన్నబడిన పెళుసు ముక్కలు దొరుకుతాయి, వాటినే సముద్రపు నురుగు అంటారు, మూలికల కొట్లో కూడా అమ్ముతారు. నిజానికి అది కట్ల్ ఫిష్ అనే సముద్ర జీవి లోపలి గుల్ల, దాదాపు అంతా కాల్షియం కార్బొనేటే. ఒక వైపు గోటితో గీస్తే పిండిలా రాలుతుంది, రెండో వైపు పలకలా గట్టిగా ఉంటుంది. తెచ్చాక నాలుగైదు రోజులు మంచినీళ్లలో నానబెట్టి, రోజూ నీళ్లు మారుస్తూ ఉప్పంతా దిగిపోనివ్వండి, ఎండలో బాగా ఆరనివ్వండి, గట్టి వైపు కత్తితో చెక్కి తీసేసి మెత్త భాగం మాత్రం చిన్న ముక్కగా నీటిలో తేలనివ్వండి. కావాలనిపించినప్పుడు అదే వచ్చి కొరుక్కుంటుంది.

డిప్ప మెరవాలని ఆవనూనె, కొబ్బరి నూనె రాసేవాళ్లు మన దగ్గర ఎక్కువ. రాయకండి, దుమ్ము పట్టి బూజు వస్తుంది. పెరిగేటప్పుడు డిప్ప మీద పలకలు పల్చటి పొరల్లా ఊడిపోవడం మామూలే, గోళ్లతో పీకొద్దు. డిప్ప దానికి తొడుగు కాదు, వెన్నెముక, పక్కటెముకలు అందులోనే కలిసిపోయి ఉంటాయి, తాకితే తెలుస్తుంది, పగిలితే నొప్పి పుడుతుంది. ఎత్తేటప్పుడు రెండు చేతులతో, ముందు కాళ్లకీ వెనక కాళ్లకీ మధ్యలో పట్టుకోండి, బల్ల మీద వదిలి పక్కకి వెళ్లొద్దు.

జబ్బు గుర్తులు కొన్ని తప్పక తెలియాలి. ఈదుతుంటే ఒక పక్కకి ఒరిగిపోవడం, ముక్కులోంచి బుడగలు, నోరు తెరిచి ఊపిరి తీయడం, ఈ మూడూ ఊపిరితిత్తుల జబ్బుకి గుర్తులు, ఆలస్యం చేయొద్దు. కళ్లు వాపు, మెత్తటి డిప్ప, డిప్ప మీద కుళ్లిన వాసన వచ్చే గుంటలు కూడా డాక్టర్ చూడాల్సినవే. మన ఊళ్లో ఆవులకీ కుక్కలకీ వైద్యం చేసే డాక్టర్లు దొరుకుతారు గానీ తాబేలు చూసినవాళ్లు తక్కువ, కాబట్టి ఎవరు చూస్తారో తాబేలు బాగున్నప్పుడే కనుక్కుని పెట్టుకోండి. పెద్ద కేసైతే భువనేశ్వర్‌లో ఒడిశా వ్యవసాయ, సాంకేతిక విశ్వవిద్యాలయం (ఓయూఏటీ) పశువైద్య కళాశాల ఉంది. తీసుకెళ్లేటప్పుడు నీళ్లలో కాదు, తడిగుడ్డ పరిచిన గాలాడే డబ్బాలో తీసుకెళ్లాలి.

ఒంటరిగా ఉంటే దిగులు పడుతుందేమో అని ఇంకోటి కొనకండి, తాబేలుకి ఆ టెన్షన్ లేదు. రెండు మగవైతే కొట్టుకుంటాయి, ఆడ, మగ అయితే మగది వెంటపడి తిననివ్వదు. పెరిగాక ముందు కాళ్ల గోళ్లు పొడుగ్గా, తోక లావుగా ఉంటే మగది. ఆడదైతే మగ తోడు లేకపోయినా గుడ్లు పెడుతుంది, అవి పొదగవు. ఉన్నట్టుండి తిండి మానేసి, తొట్టె గోడలు గీకుతూ అటూ ఇటూ తిరుగుతుంటే గుడ్లు పెట్టడానికి చోటు వెతుకుతోందని అర్థం, జానెడు లోతు తడి ఇసుక, మట్టి కలిపి పోసిన వెడల్పాటి టబ్బులో వదిలి ఎవరూ చూడకుండా ఉండండి. చోటు దొరక్క లోపలే ఆపుకుంటే ప్రాణం మీదికి వస్తుంది.

ఇంట్లో చంటిపిల్లలుంటే ఇంకో మాట. తాబేళ్లు చూడ్డానికి శుభ్రంగా ఉన్నా వాటి ఒంటి మీద, నీటిలో సాల్మొనెల్లా సూక్ష్మజీవి ఉంటుంది. ఈ కారణంగానే అమెరికాలో నాలుగంగుళాల లోపు తాబేళ్ల అమ్మకాన్ని 1975లో నిషేధించారు. ముట్టుకున్నాక సబ్బుతో చేతులు, తొట్టె కడగడం వంటింటి సింకులో కాదు, ముద్దులు అసలే వద్దు. ఐదేళ్లలోపు పిల్లలు, గర్భిణులు, బాగా ముసలివాళ్లు ముట్టుకోకుండా చూసుకోండి.

ఇక మన జిల్లాకి ప్రత్యేకమైనది తుపాను. 2013 అక్టోబర్ 12న ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది, 2018లో తిత్లీ కూడా అక్టోబర్‌లోనే వచ్చింది, రెండుసార్లూ రోజుల తరబడి కరెంటు లేదు. కరెంటు పోతే ఫిల్టర్ ఆగిపోయిందని కంగారు పడక్కర్లేదు, తాబేలు ఊపిరితిత్తులతో గాలి పీలుస్తుంది, చేపలా నీటిలో ఊపిరాడక చావదు. ముప్పు మురికి నీటితోనే. హెచ్చరిక రాగానే తిండి ఆపేయండి, పెద్ద తాబేలు వారం తినకపోయినా బతుకుతుంది, తినకపోతే నీళ్లు పాడవవు. డాబా మీది తొట్టెలోంచి తీసి ఇంట్లో ఎత్తైన చోట, డిప్ప మునిగేంత నీళ్లున్న మూత గల టబ్బులో పెట్టండి, మూతకి గాలి రంధ్రాలు చేసి బరువు పెట్టండి. తాబేలు కోసం ఒక డ్రమ్ము నీళ్లు విడిగా నింపి ఉంచుకోండి. ఈదురుగాలిలో తొట్టె నిండి పొంగితే అది గోడ దాటి వీధి కాలువలో పడుతుంది, ఆ తర్వాత వెతికినా దొరకదు.

పిల్లలు చదువులకీ ఉద్యోగాలకీ విశాఖ, హైదరాబాద్, బెంగళూరు వెళ్లిపోతారు, తొట్టె కడిగే పని అమ్మానాన్నల మీద పడుతుంది, వాళ్లకి నడుం నొప్పి మొదలవుతుంది. అప్పుడు చాలామందికి వచ్చే ఆలోచన, గుడి కోనేట్లోనో చిలికాలోనో వదిలేస్తే పుణ్యం కదా అని. స్లైడర్ ప్రపంచంలో అతి హానికరమైన వంద ఆక్రమణ జాతుల్లో ఒకటి, వదిలితే మన తాబేళ్ల తిండీ, ఎండ కాచుకునే రాళ్లూ లాక్కుంటుంది, కొత్త జబ్బులు అంటిస్తుంది. వదలొద్దు. పెంచే స్తోమత ఉన్న ఇంకొకరికి ఇవ్వండి. దొరక్కపోతే కొన్న షాపులో తిరిగి తీసుకుంటారేమో అడగండి. మీ చేతిలో ఉన్నది మన దేశపు తాబేలని తేలితే మాత్రం దాచిపెట్టకుండా అటవీ డివిజన్ ఆఫీసులో అప్పగించండి.

ఇచ్చే రోజున దానితో పాటు ఒక నోటుపుస్తకం కూడా వెళ్లాలి. కొన్న తేదీ, బిల్లు అంటించిన పేజీ, నెలకోసారి వంటింటి తక్కెడ మీద తూచిన బరువు, స్కేలుతో కొలిచిన డిప్ప పొడవు, ఏం తింటుంది, ఏం ముట్టదు, ఎప్పుడు జబ్బు చేసింది, డాక్టర్ ఏ మందు ఇచ్చారు. బరువు రెండు నెలలు వరసగా తగ్గితే పైకి బాగున్నా లోపల ఏదో ఉన్నట్టే, ఆ సంగతి పుస్తకం చూస్తేనే తెలుస్తుంది. మొదటి పేజీలో, మీ తర్వాత దీన్ని ఎవరు చూసుకుంటారో వాళ్లని అడిగి, వాళ్లు సరేనన్నాకే పేరు రాయండి.